తాడు కట్టిన మిద్దె

సాయంత్రం ఎండ తగ్గాక టెన్నిస్ నేర్పడానికి మేనకోడలిని తీసుకుని మళ్లీ మిద్దె ఎక్కాను. ఆరేళ్ల పిల్ల. నెల్లూరు మూలాపేటలో మా మిద్దె పెద్దదేమీ కాదు గానీ, నీళ్ల ట్యాంకు పైపు నుంచి పిట్టగోడ దాకా తాడు కడితే తనకు చాలినంత నెట్ అవుతుంది. ఎత్తు 80 సెంటీమీటర్లు. చిన్నపిల్లల కోర్టులో నెట్ అంతే ఉంటుంది.

పోయిన వారం పెద్దవాళ్లు ఆడే పసుపు బంతితో మొదలుపెట్టి తప్పు చేశాను. అది లేచి తన తల మీదికి వచ్చేది. కళ్లు మూసుకుని రాకెట్ అడ్డం పెట్టేది. పిల్లకు పిరికితనం అనుకున్నాను, బంతే తనకు తగింది కాదని తట్టలేదు. పదేళ్లలోపు పిల్లల పోటీల్లో ఆ బంతి వాడకూడదని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నియమం 2012 నుంచే అమల్లో ఉంది. ఇప్పుడు ఎర్ర బంతి తెచ్చాను. 75 శాతం నెమ్మది, నడుము ఎత్తుకే వస్తుంది.

రాకెట్‌ను అట్లకాడలా పట్టుకుంటుంటే "దానికి షేక్‌హ్యాండ్ ఇవ్వమ్మా" అన్నాను. పట్టు కుదిరింది.

కష్టమంతా భుజం తిప్పడం దగ్గరే. భుజం తిప్పు, మోకాళ్లు వంచు, బంతి ముందుండగానే కొట్టు అని ఒక్కసారే చెప్పేసరికి బిక్కమొహం వేసింది. మణికట్టు పట్టుకుని నేనే ఊపించాను. ఇరవై బంతులు బాగానే వెళ్లాయి. చెయ్యి వదిలి బంతి వేస్తే కదల్లేదు.

"నువ్వు పట్టుకోలేదు గదా మామా" అంది.

ఆ మాటకు మనసు చివుక్కుమంది. ఇరవై బంతులూ నేనే ఆడాను, తను కాదు.

దూరంగా వెళ్లి నిలబడ్డాను. "ఎడమ చేత్తో బంతిని చూపించు, అంతే చాలు" అన్నాను. కుడి పక్కకు వచ్చే బంతిని ఎడమ చేత్తో చూపించాలంటే భుజం దానంతట అదే తిరుగుతుంది. బంతి నేలను తాకగానే "టప్", తను కొట్టేటప్పుడు "కొట్టు" అని గట్టిగా అరవమన్నాను. మొదటి మూడు తప్పాయి. నాలుగోదానికి రాకెట్ కింది నుంచి పైకి లేచి ఎడమ భుజం మీదికి చేరింది. దాన్ని ఎడమ చేత్తో అందుకుని అలాగే నిలబడి నావైపు చూసింది. నాకు గొంతు పెగల్లేదు.

ఆ బంతి తాడు దాటి, పిట్టగోడ దాటి పక్కింటి పెరట్లో పడింది. పొద్దున అడిగి తెచ్చుకోవాలి. తాడు విప్పలేదు. బట్టలు ఆరేయడానికి అడ్డమని అక్క అంటే విప్పి, సాయంత్రం మళ్లీ కడతాను.