గోషామహల్ బారాదరి: 1872కి ముందూ వెనకా

మంగళవారం, రాత్రి.

పొద్దుటి నుంచీ హైదరాబాద్ గోషామహల్ బారాదరి నోట్సే. కుతుబ్ షాహీల్లో ఆఖరివాడు అబుల్ హసన్ తానాషా (పాలన 1672–1687) కాలపు కట్టడం. గోషా అంటే పరదా. అంతఃపుర స్త్రీల కోసమని పేరులోనే ఉంది. 1872 నుంచి ఫ్రీమేసన్ల (గుట్టుగా సమావేశమయ్యే ఒక సోదర సంఘం వాళ్ల) లాడ్జి, అంటే వాళ్ల సమావేశ మందిరం.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇచ్చారని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అక్కడే ఆగి చూడాలి. ఆయన పుట్టింది 1866లో, అంటే అప్పటికి ఆరేళ్ల పసివాడు. రాజ్యం నడుపుతున్నది సంరక్షకులు: దివాన్ మొదటి సాలార్ జంగ్, షమ్స్-ఉల్-ఉమ్రా. దానం నిజాం పేరు మీద జరిగినా నిర్ణయం పెద్దవాళ్లది. పాత కాగితాలు వెతికేవాళ్లు దివాన్ దస్తరాలతో మొదలుపెట్టాలి. మేసన్ల శిలాఫలకాల మీద సంవత్సరానికి 4000 కలిపి చెక్కడమూ ఉంది. 5872 అని కనిపిస్తే 1872 అని చదువుకోవాలి.

బారాదరి అంటే పన్నెండు ద్వారాలు, గాలి ఆడడానికి కట్టే మండపం. లాడ్జికి కావలసింది దానికి సరిగ్గా ఎదురు: సమావేశం మొదలయ్యాక తలుపులు మూసెయ్యాలి, బయట కత్తి పట్టుకుని టైలర్ అనే ద్వారపాలకుడు కాపలా ఉండాలి. లోపల లాడ్జి పెద్ద అయిన మాస్టర్ పీట తూర్పున, ఆయన తర్వాతివాళ్లలో సీనియర్ వార్డెన్ పడమర, జూనియర్ వార్డెన్ దక్షిణం. గది దిక్కు కుదరకపోతే మాస్టర్ కూర్చున్న వైపునే తూర్పు అంటారు. కొత్త గోడలు కట్టకుండా పాత భవనంలో ఇమిడిపోవడానికి ఈ వెసులుబాటు ఎంత ఉపకారమో! మూసిన తలుపుల వల్లే దేశంలో చాలాచోట్ల లాడ్జికి జాదూఘర్ (మాయల ఇల్లు) అని పేరు పడింది.

ఇలాంటి సున్నపు గోడలకి పెద్ద శత్రువు సిమెంటు పూత. సున్నం లోపలి తేమని బయటికి వదులుతుంది, సిమెంటు వదలదు. నీరు ఇంకో దారి వెతుక్కుంటూ ఉప్పుని మోసుకొస్తుంది. అది పూత వెనక గట్టిపడి పెళ్లలు పెళ్లలుగా ఊడదీస్తుంది. ఊడినచోట మళ్లీ సిమెంటు మెత్తితే పక్కనున్న జాగా ఊడుతుంది. అందుకని సిమెంటుని ఉలితో నెమ్మదిగా తీసి, ఒక వంతు సున్నం, మూడు వంతుల ఇసుకతో పలచటి పొరలుగా వెయ్యాలి. కనీసం వారం రోజులు గోనెపట్టాలు తడుపుతూ కప్పి ఉంచాలి. ఎండకి తొందరగా ఆరితే చేత్తో రుద్దినా పొడి రాలుతుంది.

ఇంతా చేసి డాబా మీద వాననీటి తూములు పూడిపోతే ఫలితం ఉండదు. జూన్‌కి ముందే చెత్త తీసి, ఒక బిందె నీళ్లు పోసి కిందికి దిగుతున్నాయో లేదో చూడాలి.