73 రోజులు షెడ్డులో ఉన్న కారు

2024 ఆగస్టు 18, ఆదివారం సాయంత్రం మేము హైదరాబాదు నుంచి ఖమ్మం వస్తుండగా, కొర్లపహాడ్ టోల్‌గేటు దాటి సూర్యాపేట ఇంకా చేరకముందే, మా ముందున్న లారీ రోడ్డుకు అడ్డం వచ్చిన గేదెలను చూసి ఉన్నపళంగా ఆగిపోయింది. బ్రేకు తొక్కాను కానీ తడి రోడ్డు మీద కారు జారి లారీ వెనక భాగానికి గుద్దుకుంది. నా భార్య మణికట్టు వాచింది. వెనక సీట్లో ఉన్న మా అబ్బాయికి దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కి ఫోన్ చేయగానే హైవే పెట్రోలింగ్ వాహనం, దాని వెంటే క్రేను వచ్చాయి. ప్రమాదం గురించి ఇంతకన్నా చెప్పవలసింది లేదు. నేను రాయదలచుకున్నది ఆ తరువాత మా కారు షెడ్డులో పడి ఉన్న 73 రోజుల గురించి.

ఆ రాత్రే బీమా కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు సంగతి చెప్పి క్లెయిమ్ నంబరు తీసుకున్నాను. మరునాడు కారును ఖమ్మంలో ఆ కంపెనీతో క్యాష్‌లెస్ ఒప్పందం ఉన్న, అంటే బీమా వాటాను కంపెనీయే నేరుగా చెల్లించే, వర్క్‌షాపుకు చేర్పించాను. మంగళవారం నష్టాన్ని లెక్కకట్టే సర్వేయరు వచ్చారు. యాభై వేల రూపాయలు దాటిన వాహన నష్టాన్ని లైసెన్సున్న సర్వేయరే అంచనా వేయాలన్నది చట్టం. ఆయన పద్ధతిగా పనిచేసే మనిషి. ఛాసిస్ నంబరు మీద పల్చటి కాగితం పరిచి, పెన్సిలుతో మెల్లగా రుద్ది, ఒక్కొక్క అంకె తెల్లగా తేలేదాకా ఓపికగా నిలబడి, ఆ కాగితం ముక్కను ఫైలులో అంటించుకున్నారు. బానెట్టు, బంపరు, హెడ్‌లైట్లు కలిపి మొదటి ఎస్టిమేటు 1,86,000 రూపాయలు వచ్చింది. బంపరు విప్పాక రేడియేటరు, ఏసీ కండెన్సరు కూడా పోయాయని తేలి అది 2,24,000 అయింది. విప్పిన తరువాత సర్వేయరు మళ్ళీ వచ్చి చూడాలి. అందుకు తొమ్మిది రోజులు పట్టింది. సెప్టెంబరు 5న రిపోర్టు పంపించానని ఆయనే ఫోనులో చెప్పారు. అక్కడిదాకా నాకు ఎవరిమీదా ఫిర్యాదు లేదు.

ఆ తరువాత ఏమీ జరగలేదు. కంపెనీ అనుమతి రానిదే వర్క్‌షాపువారు విడిభాగాలకు ఆర్డరు పెట్టరు. రోజు విడిచి రోజు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసేవాడిని, ప్రతిసారీ ఒక కొత్త గొంతు "మీ క్లెయిమ్ ప్రాసెస్‌లో ఉంది సార్, 48 గంటల్లో మా టీమ్ మీకు కాల్ చేస్తుంది" అనేది. ఆ కాల్ ఒక్కసారి కూడా రాలేదు. కారు కదలకపోయినా 9,480 రూపాయల కారు లోను వాయిదా మాత్రం ప్రతి నెలా 5వ తేదీన ఖాతాలోంచి పోతూనే ఉంది. కాలేజీకి నేను, ఫిజియోథెరపీకి నా భార్య ఆటోల్లో తిరిగాము.

సెప్టెంబరు 27న కంపెనీ నుంచి ఒక సందేశం వచ్చింది: పాత బీమా కంపెనీ నుంచి ఎన్.సి.బి. ధ్రువీకరణ రానందున క్లెయిమ్ నిలిచి ఉంది. ఎన్.సి.బి. అంటే నో క్లెయిమ్ బోనస్. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే సొంత నష్టం ప్రీమియంలో, అంటే మన బండికి జరిగే నష్టం కోసం కట్టే భాగంలో, 20 శాతం, రెండేళ్ళు గడిస్తే 25, మూడేళ్ళకు 35, అలా 50 శాతం దాకా రాయితీ పెరుగుతుంది. కంపెనీ మారినా ఆ రాయితీ మనతోనే వస్తుంది. నేను 2020 నవంబరులో కారు కొని, మూడేళ్ళు ఒక్క క్లెయిమ్ కూడా చేయకుండా, 2023 నవంబరులో ఈ కంపెనీకి మారి 35 శాతం రాయితీ పొందాను. రూపాయల్లో అది 2,800. అబద్ధం చెప్పి ఈ రాయితీ పొందేవారు ఉన్నారు, కాబట్టి కంపెనీ విచారించుకోవడంలో తప్పు లేదని నేను ఇప్పటికీ అంటాను. కానీ ప్రీమియం తీసుకున్నప్పుడు గుర్తురాని అనుమానం పది నెలల తరువాత, డబ్బు చెల్లించవలసిన వేళ గుర్తుకు రావడం నన్ను నిజంగా బాధించింది.

మరునాడు పొద్దున్నే పాత కంపెనీ బ్రాంచికి వెళ్ళాను. కౌంటరులో ఉన్న అమ్మాయి పాలసీ నంబరు కొట్టి చూసి, మూడేళ్ళలో క్లెయిములు లేవని, 35 శాతానికి అర్హత ఉందని ఉత్తరం ముద్రించి, సంతకం చేయించి ఇచ్చింది. మొత్తం పది నిమిషాల పని. దాన్ని స్కాన్ చేసి కొత్త కంపెనీకి పంపితే, ఈ ఉత్తరం కస్టమరు ద్వారా వస్తే చెల్లదని, పాత కంపెనీ నుంచి నేరుగా తమ ఈమెయిలుకే రావాలని జవాబిచ్చారు.

మా పెద్దబావగారు బీమా కార్యాలయంలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. నా గోడు అంతా విని ఆయన అడిగింది ఒక్కటే: "నువ్వు ఇన్నిసార్లు ఫోన్ చేశావు కదయ్యా, వాళ్ళు పాత కంపెనీకి ఏ తారీఖున ఉత్తరం రాశారో ఒక్కసారైనా అడిగావా?" అడగలేదు. అప్పుడాయన వాహన బీమా నిబంధనలున్న 2002 నాటి ఇండియన్ మోటార్ టారిఫ్‌లోని 27వ సాధారణ నిబంధన చూపించారు. పాలసీదారు మాట మీద ఎన్.సి.బి. ఇచ్చిన కంపెనీ, పాలసీ ఇచ్చిన 21 రోజుల లోపే పాత కంపెనీకి రాసి ధ్రువీకరణ కోరాలి, పాత కంపెనీ ఆ ఉత్తరం అందిన 30 రోజుల్లో జవాబివ్వాలి, ఈ రెండింటిలో ఏది తప్పినా ఆ తప్పు కంపెనీలదే. నా పాలసీ విషయంలో ఆ 21 రోజులు 2023 డిసెంబరులోనే దాటిపోయాయి. నా వంతు పని నేను చేయలేదేమోనని వారం రోజులుగా తప్పు చేసినవాడిలా కుంగిపోతున్న నాకు ఆ ఒక్క నిబంధన ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

అక్టోబరు 3న కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఒక పేజీ ఉత్తరం రాశాను. మొదటి ముసాయిదాలో నా ఇబ్బందులన్నీ ఏకరువు పెట్టాను. బావగారు అవన్నీ కొట్టేసి తేదీలు మాత్రమే ఉంచారు. బీమా నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఎ.ఐ. 2024 జూన్ 11న ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం సర్వేయరు నియామకం 24 గంటల్లో, సర్వే రిపోర్టు 15 రోజుల్లో, రిపోర్టు అందిన 7 రోజుల్లో క్లెయిమ్‌పై నిర్ణయం జరగాలి. నా క్లెయిమ్ తేదీలను వాటి పక్కన పెట్టి, చివర మూడు ప్రశ్నలు రాశాము: సర్వే రిపోర్టు మీకు ఏ తేదీన అందింది, ఎన్.సి.బి. ధ్రువీకరణ కోసం పాత కంపెనీకి మీరు ఏ తేదీన రాశారు, సర్వే రిపోర్టు ప్రతిని నాకు ఎప్పుడు ఇస్తారు.

పద్నాలుగు రోజులు జవాబు రాలేదు. అక్టోబరు 17న ఐ.ఆర్.డి.ఎ.ఐ. వారి బీమా భరోసా పోర్టల్‌లో అదే ఉత్తరం జతచేసి ఫిర్యాదు నమోదు చేశాను. ఇంటర్నెట్ అలవాటు లేనివారు 155255కి ఫోన్ చేసి కూడా నమోదు చేయించవచ్చు. ఇక్కడా పని జరగకపోతే బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే ఇన్సూరెన్స్ ఓంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్దామని ఆ కాగితాలు కూడా సిద్ధం చేసుకున్నాను. కంపెనీకి రాసి నెల రోజులు గడిచినా జవాబు లేకపోతే, లేదా ఇచ్చిన జవాబు న్యాయంగా లేకపోతే, ఏడాది లోపు అక్కడికి వెళ్ళవచ్చు. రుసుము లేదు, లాయరు అక్కరలేదు, 50 లక్షల దాకా తీర్పు ఇచ్చే అధికారం ఉంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఫిర్యాదులు వినే కార్యాలయం హైదరాబాదులోనే ఉంది.

అంతదూరం వెళ్ళే అవసరం రాలేదు. అక్టోబరు 21న, మొదటిసారిగా, కంపెనీవారే నాకు ఫోన్ చేశారు. పాత కంపెనీ నుంచి ధ్రువీకరణ వచ్చిందని, క్లెయిమ్ మంజూరైందని చెప్పారు. పాత కంపెనీకి ఏ రోజు రాశారని అడిగితే ఆ అధికారి కాసేపు ఆగి, అక్టోబరు 18 అన్నారు.

ప్లాస్టిక్ భాగాలకు సగం, మూడేళ్ళు దాటిన కారు కనుక లోహపు భాగాలకు 25 శాతం తరుగుదల, ఆపైన క్లెయిమ్‌లో మనమే భరించవలసిన 1,000 రూపాయల తప్పనిసరి మినహాయింపు పోను కంపెనీ 1,61,500 చెల్లించింది. మిగిలిన 62,500 నేను కట్టాను. తరుగుదల కోత పడకుండా చేసే జీరో డెప్రిసియేషన్ సదుపాయం తీసుకోకపోవడం నా నిర్ణయమే కాబట్టి ఆ కోత గురించి మాట్లాడను. వర్క్‌షాపువారు పార్కింగుకని 6,000 అడిగి, బతిమాలితే 3,000 తీసుకున్నారు. అక్టోబరు 30న, దీపావళి ముందురోజు, కారు ఇంటికి వచ్చింది.

ఈ డిసెంబరులో మా తమ్ముడు బీమా కంపెనీ మారుతున్నాడు. పోయిన శనివారం ఇద్దరం కలిసి పాత కంపెనీ బ్రాంచికి వెళ్ళి ఎన్.సి.బి. ఉత్తరం తీసుకున్నాము, దాన్ని నేరుగా కొత్త కంపెనీ ఈమెయిలుకు కూడా అక్కడినుంచే పంపించమని అడిగాము. మేనేజరు మా ముందే పంపించారు. ఆ ఈమెయిలు ప్రతిని తేదీతో సహా ముద్రించుకుని, ఇప్పుడు వాడి కారు డ్యాష్‌బోర్డు అరలో ఆర్.సి. పక్కన పెట్టాము.