‘మాత్ర వద్దు సిస్టర్’

ఈ ఉదయం డ్యూటీ మారేటప్పుడు పేషెంట్లను అప్పజెప్పే హ్యాండోవర్‌లో, కొత్తగా చేరిన నర్సమ్మాయి ఒక పేషెంట్ గురించి "రాత్రి మాత్ర వద్దన్నారు మేడమ్, రాసేశాను" అంది. షీట్‌లో ‘రెఫ్యూజ్డ్’ అని ఒక్క మాట ఉంది. ఎందుకు వద్దన్నారంటే "అడగలేదు" అంది. నాకు కోప్పడాలనిపించలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేను ఇంతకన్నా పెద్ద తప్పే చేయబోయాను.

ఆ రాత్రి వార్డు నిండా పేషెంట్లు. మందుల ట్రాలీ సగం దూరం కూడా కదల్లేదు. గుండె జబ్బుతో చేరిన ఒక పెద్దావిడకి డిగాక్సిన్, అంటే గుండె వేగాన్ని తగ్గించే మాత్ర, ఇవ్వాలి. ఆవిడ "వద్దమ్మా" అంది. "డాక్టరుగారు రాశారు మామ్మగారూ, వేసుకోవాలి" అని గ్లాసు చేతికిచ్చాను. మళ్లీ తల అడ్డంగా ఊపింది. పక్కనున్న కొడుకు "మీరు వేసేయండి సిస్టర్, ఆవిడ అన్నిటికీ అంతే" అన్నాడు. మాత్ర బయటికి తీశాను కూడా. అప్పుడు ఆవిడ నా మణికట్టు పట్టుకుని, "రెండ్రోజులుగా కడుపులో తిప్పేస్తోంది. లైట్లన్నీ పసుపు పసుపుగా కనిపిస్తున్నాయి" అంది.

ఒంట్లో డిగాక్సిన్ ఎక్కువైతే కనిపించే లక్షణాలవి. స్టెతస్కోప్ గుండె మీద పెట్టి నిమిషం పాటు లెక్కపెట్టాను. 48. పెద్దవాళ్లలో 60 కన్నా తక్కువుంటే ఆ మాత్ర ఆపి డాక్టరుకు చెప్పాలని మాకు చదువుకునేటప్పుడే నేర్పుతారు. మాత్ర చేతిలోకి తీసుకునే ముందే చూడాల్సిన లెక్క అది. నేను చూడలేదు. డాక్టరు వచ్చి ఈసీజీ తీయించారు, రక్తంలో మందు ఎంతుందో, పొటాషియం ఎంతుందో చూడమన్నారు. మందు ఎక్కువే ఉంది.

మందు ఇచ్చే ముందు నర్సు సరిచూసుకోవాల్సినవి ఐదు: సరైన పేషెంట్, సరైన మందు, సరైన డోసు, సరైన మార్గం, సరైన టైము. రాసినదాని ప్రకారం ఐదూ సరిపోయాయి. ఆవిడ నా చెయ్యి పట్టుకోకపోతే ఆ మాత్ర లోపలికి వెళ్లిపోయేది.

చికిత్సను ఒప్పుకునే, కాదనే హక్కు రోగికి ఉందని ప్రపంచ వైద్య సంఘం 1981లోనే లిస్బన్ ప్రకటనలో చెప్పింది. తగిన సమాచారం అందాక, అన్న మాట కూడా అందులో ఉంది. ఆ మందు దేనికో నేను ఆవిడకి చెప్పనే లేదు. విన్నదంతా కొడుకు మాటే.

అలాగని ప్రతి ‘వద్దు’నీ రాసుకుని పక్కకు వెళ్లిపోవడమూ కుదరదు. ఇంకో రాత్రి, అంతవరకూ నెమ్మదిగా మాట్లాడిన ఒకాయన ఉన్నట్టుండి "నన్ను ముట్టుకోవద్దు" అని అరవడం మొదలుపెట్టారు. నుదురు చల్లగా, చెమటతో తడిసి ఉంది. ఆయనకి డయాబెటిస్. బతిమాలి వేలు పట్టుకుని చూస్తే షుగర్ 46కి పడిపోయింది. అయోమయంలో ఉన్న మనిషి నోట్లో ఏదైనా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని భయం. డాక్టరుకు చెప్పి నరంలోకి గ్లూకోజ్ ఎక్కించాం. కాసేపటికి తేరుకుని "ఏమైంది సిస్టర్?" అన్నారు. ఆయన వద్దంటున్నా సూది మందు ఇచ్చామని, ఎందుకు ఇవ్వాల్సి వచ్చిందో కూర్చుని చెప్పాను. చెప్పకపోయినా అడిగేవారు కాదేమో. కానీ అది ఆయన ఒళ్లు, ఆయనకి తెలియాలి.

హ్యాండోవర్ అయ్యాక ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని, మాత్ర వద్దన్న ఆ పేషెంట్ బెడ్ దగ్గరికి వెళ్లాను. తనే అడిగింది. "మాత్ర పెద్దది తల్లీ, గొంతులో అడ్డం పడుతోంది" అన్నారాయన. నూరి ఇద్దామా అని నా వైపు చూసింది. అది నెమ్మదిగా కరిగే మాత్ర, నూరితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. వేరే రూపంలో దొరుకుతుందేమో డాక్టరును అడగమన్నాను. ఆ అమ్మాయి ఫోన్ దగ్గరికి వెళ్లే ముందు షీట్ తీసి, ‘రెఫ్యూజ్డ్’ కింద ఆయన చెప్పిన మాట రాసింది.