డీబగ్ టూల్‌కి తప్పు ఆర్గ్యుమెంట్ ఇస్తే ఏమయిందంటే: నా అనుభవం

నేను పనిచేసేది రేణిగుంట దగ్గర బోర్డులు తయారుచేసే చిన్న కంపెనీలో. టెస్టింగ్ లైన్లో సొంత డీబగ్ టూల్ ఒకటి వాడతాం, ఎప్పుడో ఎవరో సీ లాంగ్వేజ్‌లో రాసిపెట్టి వెళ్ళిపోయినారు. నడస్తా ఉండే ప్రోగ్రాంని కాసేపు ఆపి, లోపల ఏముందో చూసి మళ్ళీ వదుల్తాది.

ఒకరోజు లైన్లో చేసే పాప పిలిచి "అన్నా, ఏందన్నా ఇది, మధ్యలోనే స్టాప్డ్ అని వచ్చేస్తాండాది, బోర్డు ఫెయిలేనా" అనింది. పోయి చూస్తే కమాండ్‌లో -పి అనే ఆప్షన్ తర్వాత ప్రాసెస్ (నడస్తా ఉండే ప్రోగ్రాం) నంబర్ ఇయ్యాల్సిన చోట ప్రాసెస్ పేరు కొట్టింది. ఇట్లా కమాండ్ వెంట ఇచ్చే మాటల్నే ఆర్గ్యుమెంట్లు అంటారు. ఆ పాప తప్పేం లేదు, నంబరే ఇయ్యాలని టూల్ యాడా చెప్పలేదు కదా.

కోడ్ తెరిస్తే అసలు సంగతి తెలిసింది. కొట్టిన మాటని నంబర్‌గా మార్చడానికి ఏటాయ్ అనే సీ ఫంక్షన్ వాడినారు, దానికి అక్షరాలిస్తే సున్నా ఇస్తాది, 12ఏబీసీ అని ఇస్తే 12 ఇస్తాది, ఎర్రర్ అనే మాటే ఉండదు. ఆ సున్నా నేరుగా కిల్ కాల్‌కి (ప్రాసెస్‌కి సిగ్నల్ పంపేది) పోతాంది, యూనిక్స్‌లో కిల్‌కి పిడ్ (ప్రాసెస్ నంబర్) సున్నా ఇస్తే పిలిచిన ప్రాసెస్ ఉండే గ్రూపు మొత్తానికి సిగ్నల్ పోతాది, అందుకే సిగ్‌స్టాప్ అనే ఆపేసే సిగ్నల్ తగిలి టూలూ దాన్ని నడిపే స్క్రిప్టూ రెండూ ఒకేసారి ఆగిపోయినాయి. అదే -1 పడుంటే మనకి పర్మిషన్ ఉండే దాదాపు అన్ని ప్రాసెస్‌లకీ పోయుండేది, రూట్‌గా (అన్ని పర్మిషన్లూ ఉండే యూజర్‌గా) నడిపే మిషన్లో అది ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ఏటాయ్ తీసేసి, తప్పుని పట్టుకునే వీలుండే స్ట్ర్‌టోల్ అనే ఫంక్షన్ పెట్టినా. ముందు ఎర్ర్‌నో (ఎర్రర్ నంబర్ ఉండే చోటు) సున్నా చేయాలి, తర్వాత ఎండ్‌పాయింటర్ (చదవడం యాడ ఆగిందో చూపేది) స్ట్రింగ్ చివరిదాకా పోయిందా, అసలు ఒక్క అంకె అయినా చదివిందా, ఈరేంజ్ (నంబర్ హద్దు దాటిందనే ఎర్రర్) వచ్చిందా చూడాలి, ఇవన్నీ దాటినా సున్నా, మైనస్ నంబర్లు వద్దనాలి.

తెలీని ఆప్షన్ ఇస్తే, ఆప్షన్లు చదివే గెటాప్ట్ ఫంక్షన్ ప్రశ్న గుర్తు తిరిగిస్తాది, పాత కోడ్ అది వచ్చినా పట్టించుకోకుండా ముందుకే పోయేది. ఇప్పుడు ఏ మాట తప్పో చూపించి ఎస్‌టీడీఎర్ర్‌లో (ఎర్రర్ మెసేజ్‌లు పోయే దారి) ఒక్క లైన్ రాసి, ఎగ్జిట్ కోడ్ 2తో బయటికొస్తాది. మాకు 0 అంటే పాస్, 1 అంటే బోర్డు ఫెయిల్, అందుకే కమాండ్ తప్పుకి వేరే నంబర్ కావాల్సిందే. హెల్ప్ మొత్తం స్క్రీన్ మీద పోసేయడం నాకు నచ్చదు, అసలు తప్పు అందులో కొట్టుకుపోతాది. మెమరీ తప్పులు వెతికే వాల్‌గ్రైండ్ టూల్ కూడా తెలీని ఆప్షన్ పేరు చెప్పి, హెల్ప్ చూడమని ఊరుకుంటాది.

ఇంకోటి, మా టూల్ వేరే ప్రోగ్రాంని తనే స్టార్ట్ చేస్తాది కూడా, అప్పుడు ఆ ప్రోగ్రాంకి ఇచ్చిన -వి మా టూలే మింగేసేది. గ్నూ గెటాప్ట్ (లైనక్స్‌లో ఉండేది) ఆప్షన్లన్నీ ముందుకొచ్చేలా ఆర్గ్యుమెంట్ల వరస మార్చేస్తాది గదా, దానికి మనమిచ్చే ఆప్షన్ స్ట్రింగ్ మొదట్లో ప్లస్ గుర్తు పెడితే ప్రోగ్రాం పేరు దగ్గరే ఆగిపోతాది. ఎస్‌ట్రేస్ అనే డీబగ్ టూల్ చేసేది ఇదే, జీడీబీ అనే ఇంకో డీబగ్ టూల్లో అయితే డబుల్ డ్యాష్ ఆర్గ్స్ అని మనమే ఇయ్యాల.

కొత్తది పెట్టగానే పాత స్క్రిప్టులు కొన్ని ఆగిపోయినాయి, మా లీడ్ "ఏమప్పా, బాగా నడిచేదాన్ని ఎందుకు కదిలించినావు" అన్నాడు. తీరా చూస్తే ఒకదాంట్లో టైమౌట్ ఆప్షన్ స్పెల్లింగే తప్పు, అంటే ఆ టైమౌట్ ఒక్కసారి కూడా పనిచేసిందే లేదు. అది చూపించినాక ఆయనే మిగతా స్క్రిప్టులన్నీ వెతికించినాడు, ఫెయిల్ అని పక్కన పెట్టిన బోర్డుల్ని మళ్ళీ టెస్ట్‌కి పెట్టించినాం.