రాత్రి 2 గంటల బీపీ

నిన్న ఒక నర్సింగ్ స్టూడెంట్ నన్ను పక్కకు పిలిచి, "మేడం, రాత్రి 2 గంటల బీపీ నేను చూడలేదు. 12కి ఎంతుందో దానికి దగ్గర్లో ఒక అంకె వేసేశాను" అంది. పేషెంట్ బాగానే ఉన్నారు. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు.

మేలు చేయడం, హాని చేయకపోవడం, న్యాయం, రోగి ఇష్టాన్ని గౌరవించడం... ఈ నాలుగు వైద్య నీతి సూత్రాలూ పరీక్షలో చక్కగా రాసిన పిల్లే. కానీ చార్టులో దొంగ అంకె ఉంటే తర్వాతి షిఫ్టు నర్సూ, డోసు మార్చే డాక్టరూ దాన్నే నమ్ముతారు. ముందు కోపం వచ్చింది. వెంటనే నా మొదటి నైట్ డ్యూటీ గుర్తొచ్చింది. (నేనైతే ఎవరికీ చెప్పలేదు లెండి.)

ఇద్దరం వెళ్లి ఇన్‌ఛార్జి సిస్టర్‌కి చెప్పాం. ఆ పిల్లే ఆ అంకెను ఒక్క గీతతో కొట్టి, పక్కన "చూడలేదు" అని రాసి, తేదీ, టైము వేసి సంతకం పెట్టింది. చేయి వణుకుతూనే ఉంది. మెమో ఇస్తారో లేదో ఇంకా తేలలేదు.