సెల్ఫ్ మోటారు మార్చకుండానే పని జరిగింది

మామిడి సీజనులో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు బండ్లు ఎట్లా బారులు తీరతాయో మా జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు. తోతాపురి లోడుతో సాయంత్రం వరసలో పెడితే లోపలికి ఎప్పుడు పోతామో తెలీదు. ముందు బండి పదడుగులు జరిగితే మనమూ స్టార్టు చేసి పదడుగులు జరిపి ఆపాలి. అరగంటకు మళ్లీ అదే పని. ఇంజను ఆపకుండా కూర్చుంటే కిరాయంతా డీజిలుకే పోతుంది. అందుకని ఒక్క రాత్రిలో ముప్పై, నలభై సార్లు సెల్ఫ్ కొట్టాల్సి వస్తుంది. బండి నడిచేది లేదు కాబట్టి బ్యాటరీకి చార్జి ఎక్కదు, మోటారు చల్లారదు. మా పాత టాటా 407 లారీకి దెబ్బ తగిలింది అక్కడే.

బండి మా నాయన కొన్నది, 1997 మోడలు. బంగారుపాళ్యం వైపు తోటల నుంచి కాయ తోలుతుంటాను. ఆ రాత్రి రెండు గంటలప్పుడు ముందు బండి కదిలింది. తాళం తిప్పితే ఇంజను సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్లీ తిప్పితే ఒక్కటే ‘టక్’. వెనకున్న డ్రైవర్లు నలుగురు దిగొచ్చి భుజం పట్టి తోశారు. రెండో గేరులో క్లచ్ వదిలితే అందుకుంది. లోడు బండిని నలుగురితో తోయించడం ఎంత కష్టమో నాకు తెలుసు. తెల్లారేదాకా ఆ నలుగురికీ రుణపడ్డట్టే కూర్చున్నాను.

పొద్దున అన్‌లోడు చేసి నేరుగా ఒక బ్యాటరీ షాపుకు పోయాను. మీటరు పెట్టి చూడకుండానే ‘బ్యాటరీ పోయింది’ అన్నారు. నాకూ తొందర. కొత్తది వేయించుకున్నాను. మూడు రోజులు బాగానే ఉంది. నాలుగో రోజు ఎండలో రెండు గంటలు తిరిగొచ్చి ఆపి, మళ్లీ కొడితే అదే బరువు, అదే ‘టక్’. ఆ డబ్బు గురించి ఇప్పటికీ బాధే. పాత బ్యాటరీ ఇంకో ఏడాది వచ్చేదేమో.

ఈసారి కట్టమంచి వైపు, చాలా ఏళ్లుగా డైనమోలు, సెల్ఫ్ మోటార్లు విప్పుతున్న ఒక ఎలక్ట్రీషియన్ అన్న దగ్గరికి పోయాను. ఆయన ముందు నన్నే కొన్ని ప్రశ్నలడిగాడు. ‘‘టక్‌మని ఒక్కసారే అంటాదా, కటకటమని వరసగా కొట్టుకుంటాదా? గుయ్‌మని మోటారు ఉత్తదే తిరుగుతా ఉండాదా?’’ వరసగా కొట్టుకుంటే బ్యాటరీనో టెర్మినల్సో అనుకోవాలట. మోటారు తిరిగి ఇంజను తిరక్కపోతే మోటారు చివర ఇంజనుకు తగులుకునే బెండిక్స్ పళ్లచక్రం జారుతోందనో, అది పట్టుకునే ఇంజను చక్రం చుట్టూ ఉండే రింగు గేరు పళ్లు అరిగాయనో అర్థం. ఒక్క టక్ అని ఆగిపోతే మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు, అంటే సోలినాయిడ్, లాగుతోంది గానీ మోటారు లేవడం లేదని.

తర్వాత మీటరు తీశాడు. నన్ను తాళం తిప్పమని, సెల్ఫ్ కొట్టేటప్పుడే కొలిచాడు. ఇక్కడే నాకు కళ్లు తెరుచుకున్నాయి. ఊరికే ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది. కొట్టేటప్పుడు బ్యాటరీ గుబ్బల మీద 10.9, అదే సమయంలో మోటారు దగ్గర 9 మాత్రమే. మధ్యలో దాదాపు రెండు వోల్టులు ఎక్కడో పోతున్నాయి. మీటరు ఒక తీగ బ్యాటరీ నెగటివ్ గుబ్బకూ, ఇంకొకటి మోటారు బాడీకీ పెడితే 1.5 వచ్చింది. అక్కడ పావు వోల్టుకు మించి ఉండకూడదన్నాడు. కరెంటు బ్యాటరీకి తిరిగిపోయే దారి ఛాసిస్ నుంచి గేర్‌బాక్సుకు ఉండే ఎర్తు పట్టీయే. అది విప్పితే, బోల్టు కింద దాని కొస లగ్ పచ్చగా చిలుం పట్టి, జడలోని రాగి పోగులు సగం తెగి ఉన్నాయి. పైనుంచి చూస్తే గ్రీజు పూసిన మంచి పట్టీలాగే ఉండేది. కొత్త పట్టీ వేసి, బోల్టు కూర్చునే చోట రంగు, తుప్పు గీకేసి బిగించాడు. ఎర్తు వైపు 0.2కి దిగింది. ఇంజను ఎగిరి అందుకుంది.

నేను సంతోషపడి డబ్బు తీయబోతే ఆయన ఆపాడు. ‘‘ఒక గంట తిప్పుకోని రా నాయినా. వేడి మీద చూడాల.’’ కాణిపాకం దాకా పోయి దండం పెట్టుకుని వచ్చాను. వేడి ఇంజను మీద కొడితే మళ్లీ బరువే. ఈసారి బ్యాటరీ గుబ్బల మీదే 9 కిందికి పడింది. బ్యాటరీ కొత్తది, తీగలు బాగున్నాయి. అయినా అంత పడిందంటే మోటారే కరెంటు ఎక్కువ లాగుతోందన్నమాట. అప్పుడు దించమన్నాడు.

దించే పని నేనే చేశాను. ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయాలి. మోటారు మీది పెద్ద తీగకు ఫ్యూజు ఉండదు, పానా బాడీకి తగిలితే నిప్పులే. పై బోల్టు దగ్గర చెయ్యి తిరగదు. దానికే ముప్పావు గంట పట్టింది. ఆఖరి బోల్టు వదులయ్యేటప్పుడు మోటారు కింద ఒక చెయ్యి పెట్టుకోవాలి, బరువంతా ఒక్కసారి మీదికి వస్తుంది.

విప్పి గుడ్డ మీద పరిచాడు. నల్లటి కార్బన్ పొడి దోసెడు రాలింది. తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్లు సగానికి పైగా అరిగి, ఒకటి స్ప్రింగు ఒత్తిడి అందనంత కురచ అయిపోయింది. అసలు జబ్బు లోపల తిరిగే ఆర్మేచర్ మీద ఉంది. ఇనప రేకుల మీద ఒకవైపంతా మెరిసే గీతలు. చుట్టూ కదలకుండా ఉండే ఫీల్డు పోళ్ల మీద కూడా సరిగ్గా అట్లాంటివే. ఇరుసు ఆనే బుష్షులు కోలగా అరిగిపోవడంతో ఆర్మేచర్ పక్కకు ఒరిగి పోళ్లకు రాసుకుంటోంది. రాపిడికి కరెంటు ఎక్కువ తింటోంది, వేడెక్కితే ఇంకా పట్టేస్తోంది. ఆ గీతల మీద వేలు పెట్టి చూశాను, గోరు తట్టుకునేంత లోతున్నాయి.

‘‘కొత్తది వేసేద్దామా అన్నా?’’ అన్నాను. ‘‘వైండింగు చూసినాక చెప్తా’’ అన్నాడు. ఆర్మేచర్‌ను గ్రోలర్ అనే పరీక్ష పరికరం మీద పెట్టి, హాక్సా బ్లేడు ముక్క ఆనించి నెమ్మదిగా తిప్పాడు. ఎక్కడైనా చుట్టలు షార్టయి ఉంటే బ్లేడు జుయ్‌మని అదురుతుంది. ఎక్కడా అదరలేదు. చుట్టలు ఇనుముకు తగులుతున్నాయేమో టెస్టు ల్యాంపుతో చూశాడు, వెలగలేదు. ‘‘రాగి బాగుండాది, అరిగిందల్లా చిల్లరే’’ అన్న ఆయన మాటతో నా మనసు తేలికైంది.

కార్బన్లు ఆనే రాగి పట్టీల చుట్టు, అంటే కమ్యుటేటర్‌ను, పక్క లేత్ షాపులో సన్నగా తిప్పించాడు. ఆ రాగి పట్టీల మధ్య మైకాను, అంచు నూరిన బ్లేడుతో ఒక్కో గాడీ కిందికి చెక్కాడు. మైకా రాగితో సమానంగా ఉండిపోతే కార్బన్లు ఎగిరి నిప్పులు వస్తాయట. కొత్త బుష్షులను దిగ్గొట్టే ముందు రాత్రంతా ఇంజనాయిల్లో నానబెట్టాడు. అవి పొడి లోహం అచ్చుతో చేసినవి, నూనె పీల్చుకుంటాయి. సోలినాయిడ్ లోపలి రాగి బిళ్ళ ఒకవైపు కాలి గుంటలు పడితే తిరగేసి బిగించాడు.

బిగించాక మోటారును నేల మీద పెట్టి, కాలితో గట్టిగా తొక్కిపట్టి కరెంటు ఇచ్చాడు. తొక్కకపోతే ఎగిరి పడుతుంది. గరగర లేకుండా ఒకే సుతితో తిరిగింది. మొత్తం ఖర్చు కొత్త మోటారు ధరలో మూడో వంతు కాలేదు. బండికి ఎక్కించి, వేడి మీద పదిసార్లు కొట్టి చూశాం. బ్యాటరీ గుబ్బల మీద 10.5 కిందికి పడలేదు.

ఇప్పుడు వరసలో ఉంటే, ఒకసారికి పది సెకన్లకు మించి కొట్టను. అందుకోకపోతే రెండు నిమిషాలు ఆగుతాను. వాలుగా ఉన్న చోట సెల్ఫ్ ముట్టకుండా బ్రేకు వదిలి జరుపుకుంటాను.

ఒక్క పని మిగిలింది. మోటారు దించినప్పుడు ఆ కంతలోంచి రింగు గేరు పళ్లు చూశాడు. నాలుగు సిలిండర్ల ఇంజను ఎప్పుడూ దాదాపు ఒకే చోట్ల ఆగుతుంది కాబట్టి, పళ్లూ ఎదురెదురుగా రెండు చోట్లే అరుగుతాయి. మావి అంచులు కొంచెం మొద్దుబారాయి, ఈ సీజనుకు భయం లేదన్నాడు. కాయ అయిపోయాక క్లచ్ ప్లేటుకు ఎట్లాగూ గేర్‌బాక్సు దించాలి. రింగు సంగతి అప్పుడే చూస్తాం.