గేట్లోంచి తమ్ముడి గొంతు

శనివారం. ఆషాఢం కదా, మధ్యాహ్నం దాకా ఎండ, ఆ తర్వాతంతా మబ్బు.

మొత్తానికి ఇవాళ గేటుకి వీడియో డోర్ ఫోన్ బిగించాం, అంటే ఎవరొచ్చారో ఇంట్లోంచే తెర మీద చూసి మాట్లాడే బెల్లు. వనస్థలిపురంలో మాది జీ ప్లస్ వన్ ఇల్లు. కింద అద్దెకున్నవాళ్లు, పైన అమ్మా నేనూ. కిందివాళ్లిద్దరూ ఉద్యోగాలకు వెళ్లిపోతారు, నేనూ వెళ్లిపోతాను. ఇక పగలు ఎవరు బెల్లు కొట్టినా అమ్మే దిగాలి. వాటర్ క్యాన్, కొరియర్, గుడి చందా, ‘టులెట్ ఉందా అండీ’ అని అడిగేవాళ్లు. చెత్త ఆటో ఒక్కటే నయం, పాట వేసుకుని వస్తుంది, బెల్లు కొట్టదు. మెట్లు ఎక్కడమే కష్టమని అమ్మ అంటుంది. మోకాళ్లకు దిగడమే ఎక్కువ భారమని డాక్టరు అంటాడు. ఎవరి మాట నిజమైనా మెట్లు మాత్రం తప్పట్లేదు.

డాలస్‌లో ఉన్న తమ్ముడు తన ఇంటికున్నలాంటి డోర్‌బెల్ పంపిస్తానన్నాడు. ‘పాత బెల్లు తీసేసి ఆ రెండు వైర్లకే తగిలించెయ్ అక్కా, పది నిమిషాల పని’ అన్నాడు. అక్కడ అంతే పని కావచ్చు. అమెరికా ఇళ్లలో బెల్లుకి విడిగా ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, గుమ్మం దగ్గరికొచ్చేది 16 నుంచి 24 వోల్టులే. మన గేటు స్విచ్చులో ఉండేది నేరుగా 230. ఎలక్ట్రీషియన్ అబ్బాయికి ఫొటో చూపిస్తే, ‘ఇది మన లైనుకు పెడితే గక్కడ్నే మాడిపోతది మేడం’ అన్నాడు. బ్యాటరీ మీద నడిచేవి ఉన్నాయి గానీ వాటికి వైఫై గేటు దాకా అందాలి. మా రౌటర్ పైన హాల్లో ఉంది. స్లాబూ గోడలూ దాటి గేటు దగ్గరికొచ్చేసరికి సిగ్నల్ ఉందంటే ఉంది, లేదంటే లేదు.

అందుకని వైరు మోడలే తీసుకున్నాను. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగి, కోఠి గుజరాతీ గల్లీలో నాలుగు షాపులు తిరిగి బేరమాడి కొన్నాను. గేటు దగ్గర కెమెరా, హాల్లో 7 అంగుళాల తెర, మధ్యలో నాలుగు తీగల కేబుల్. వైఫై కావాల్సింది తెరకే, అది రౌటర్ పక్కనే ఉంటుంది. గొడవ లేదు.

అబ్బాయి తొమ్మిదింటికి వస్తానని పదిన్నరకు వచ్చాడు. హైదరాబాద్ లెక్కలో తొందరగా వచ్చినట్టే. వచ్చీ రాగానే పాత బెల్లు పైపులోంచే కొత్త కేబుల్ లాగేస్తానన్నాడు. వద్దన్నాను. కరెంటు తీగ పక్కనే వీడియో తీగ పోతే బొమ్మలో గీతలు పడతాయి, మాటలో గుంయ్ మని మోత వస్తుంది. పైగా ఎప్పుడైనా ఇన్సులేషన్ పోతే ఆ 230 వోల్టులు తెరలోకే వస్తాయి. కాస్త మొహం మాడ్చుకున్నా, గోడ వెంట విడిగా కేసింగ్ పట్టీ కొట్టాడు. పని మాత్రం శుభ్రంగా చేశాడు.

గేటును పైనుంచే తెరిచే తాళం దగ్గర ఇంకో చర్చ. వెంట అయస్కాంతం తాళం తెచ్చాడు. అది కరెంటు ఉన్నంతసేపే పట్టుకుంటుంది, పోగానే వదిలేస్తుంది. ఆఫీసుల్లో అదే ఉండాలి, అగ్గి అంటుకుంటే జనం బయటపడొద్దా. మా గేటుకు అది పెడితే కరెంటు పోయినప్పుడల్లా తలుపు బార్లా తెరిచినట్టే. రెండో రకం దీనికి తిరగేసినట్టు: పైన బటన్ నొక్కితే 12 వోల్టులు అందుతాయి, అప్పుడే వదులుతుంది, లేకపోతే బిగిసే ఉంటుంది. బయటి నుంచి తాళంచెవితో తీసుకోవచ్చు. అతను మళ్లీ షాపుకు పోయి అదే తెచ్చాడు. తెరనూ రౌటర్‌నూ ఇన్వర్టర్ లైను మీద వేయించాను.

కెమెరా బిగించి చూస్తే గేటు ముందు నిలబడ్డవాళ్లందరూ నల్లటి నీడలు. మాది తూర్పు ముఖం, వాస్తుకు బంగారం, కెమెరాకు శాపం. ఎండ తిన్నగా కంట్లో కొడుతుంటే మనిషి మొహం ఎక్కడ కనపడుతుంది? అంతలో ఎదురింటి అంకుల్ లుంగీ సర్దుకుంటూ వచ్చారు. ‘అమ్మా, ఇందులో మా బాల్కనీ కూడా పడుతుందా?’ అని మెల్లిగా అడిగారు. పైకి తీసుకెళ్లి తెర చూపించాను. పడుతోంది. ఆరేసిన బట్టలతో సహా. ఆయన అడగడం న్యాయమే, అడగని వాళ్లు లోపల తిట్టుకుంటారు. అబ్బాయి కెమెరా వెనక ఏటవాలు దిమ్మ ఒకటి పెట్టి, మొహం కొద్దిగా పక్కకు తిప్పాడు. ఎండ తప్పింది, అంకుల్ బాల్కనీ కూడా తప్పింది. ఇప్పుడు మా గేటు, కానుగ చెట్టు, పక్కన ఆపిన స్కూటీ కనిపిస్తాయి. అంతకంటే మాకెందుకు?

యాప్ దగ్గర కాసేపు విసిగించింది. ఈ తెర 2.4 గిగాహెర్ట్‌జ్ వైఫై మాత్రమే పట్టుకుంటుంది. మా రౌటర్ 2.4, 5 అనే రెండు సిగ్నళ్లనూ ఒకే పేరు మీద ఇస్తోంది, ఫోనేమో 5 మీద కూర్చుంది. రెండింటికీ వేరే పేర్లు పెట్టాక వెంటనే కలిసింది. మాన్యువల్లో అచ్చేసిన పాస్‌వర్డు ముందు మార్చేశాను. వీడియోలు దాచుకోవడానికి నెలనెలా కట్టే క్లౌడ్ వద్దనుకుని మెమరీ కార్డు వేశాను. ఎవరైనా బెల్లు నొక్కితే ఒక ఫొటో పడుతుంది, చాలు. గేటు ముందు కుక్క కదిలినా మోగే మోషన్ అలర్టు కూడా ఆపేశాను. వీధిలో కుక్కలకు కొదవా?

తమ్ముడు తననూ యాప్‌లో చేర్చమని గోల చేస్తే వాడి ఫోనుకు కూడా కలిపాను. అసలు కథ అక్కడ మొదలైంది.

నాలుగింటికి పూలామె వచ్చింది. రోజూ అమ్మా అని కేకేసే మనిషి, కొత్త బటన్ చూసి ముచ్చటపడి నొక్కింది. నేను బాల్కనీలో బట్టలు తీస్తున్నాను. అమ్మ హాల్లో తెర దాకా నడిచేలోపే ఎవరో ఎత్తేశారు. గేట్లోంచి మగ గొంతు, నిద్రమత్తులో: ‘హలో... ఎవరూ?’

డాలస్‌లో అప్పుడు తెల్లారుజామున ఐదున్నర.

పూలామె రెండడుగులు వెనక్కి వేసింది. మళ్లీ ముందుకొచ్చి కెమెరాలోకి తొంగి చూసింది. ‘చిన్నోనివా? ఎప్పుడొచ్చినవ్ బిడ్డా?’

‘రాలేదు, ఇక్కడే ఉన్న, అమెరికాల.’

‘మరి గేట్లకెల్లి మాట్లాడవడ్తివి?’

వాడు నవ్వాడు. ఆమె గంప దించి అక్కడే అరుగు మీద కూర్చుంది. పిల్లలెంతమంది, అక్కడ మల్లెపూలు దొరుకుతయా, మీ ఆడామె పెట్టుకుంటదా, ఇట్లా సాగింది. వాడు వాళ్ల పెద్దదాని పేరు చెబుతున్నాడు. పండగలకు ఫోన్ చేస్తే నాతో నాలుగు మాటలు మాట్లాడి పెట్టేసేవాడు, పూలామెతో ఎంత ఓపికో!

ఇక్కడ అమ్మ తెర మీద బటన్ నొక్కుతూనే ఉంది. ఒకరు ఎత్తాక ఇంకొకరికి లైను కలవదు. బొమ్మ కనిపిస్తోంది, మాట లేదు. ‘ఏమే, మనింటికొచ్చిన మనిషితోని మాట్లాడనీకి నేను లైన్ల నిలబడాల్నా?’ అంది నా వంక తిరిగి. చివరికి పాత పద్ధతిలోనే మెట్లు దిగి వెళ్లింది. దేనికోసం ఇదంతా కొన్నామో అదే జరిగింది.

తిరిగొచ్చాక తీర్పు చెప్పింది. పగలు బెల్లు మోగితే తనకే మోగాలి. నాకు కూడా వద్దట. ‘నువ్వు ఆఫీసుల కూసోని మా గల్లీల ఎవరొచ్చిన్రో చూస్తవా? నన్ను అడుగు, చెప్త.’ నేను మొదట ఒప్పుకోలేదు. తను బాత్రూంలో ఉంటేనో, కునుకు తీస్తేనో కొరియర్ వాడు వెళ్లిపోతాడు కదా అన్నాను. పోతే పోనీ, మళ్లీ రేపొస్తడు అంది. సగం వాదన నాదే రైటని ఇప్పటికీ అనుకుంటున్నాను గానీ, నా ఫోన్లో పగటి మోత తీసేశాను.

తమ్ముడిని తీసేస్తానంటే మాత్రం ‘వాన్ని తియ్యకు’ అంది వెంటనే. నోటిఫికేషన్లకు టైం పెట్టుకునే వీలుంది కాబట్టి, సాయంత్రం ఆరు దాటాకే మోగేలా పెట్టుకోమన్నాను. అప్పటికి అక్కడ ఏడున్నర, కాఫీ తాగుతుంటాడు. చిక్కేమిటంటే ఆరు దాటాక మా గేటుకి వచ్చేవాళ్లెవరూ లేరు.

అమ్మ అప్పటికప్పుడు పూలామెకు ఫోన్ చేసింది, రేపటి నుంచి ఆరున్నరకు రమ్మని. ‘అప్పటిదాంక పూలు ఆగయమ్మా, నాలుగింటికే వస్త’ అని పెట్టేసిందామె.